రాత్రి 7 దాటితే అమ్మ టీవీలో చక్రం తిరుగుతోంది: వైఫై తప్పా, లైను తప్పా?

మహేంద్రతనయ
మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పాతకాలపు వీధి ఇల్లు, వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధి గది, నట్టిల్లు, అమ్మ గది, వంటిల్లు, ఆ తర్వాత పెరడు. అటూ ఇటూ పక్కింటి వాళ్ళతో కలిసిన గోడలే. ఫైబర్ లైను వీధి గదిలోకి వస్తుంది, రౌటర్ అక్కడే గుమ్మం పైన ఉంది. అమ్మ టీవీ మూడో గదిలో. ప్లాన్ 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు).

పొద్దున్నే అమ్మ తిరుమల ప్రత్యక్ష ప్రసారం పెట్టుకుంటుంది, ఒక్కసారి కూడా ఆగదు. రాత్రి 7 దాటాక ప్రవచనం పెడితే మాత్రం రెండు నిమిషాలకోసారి చక్రం తిరుగుతుంది. బొమ్మ మసకబారి చెప్పేవారి ముఖం గళ్ళు గళ్ళుగా అయిపోతుంది. అదే సమయంలో వీధి గదిలో నా ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేస్తే 94 చూపిస్తోంది. కంపెనీకి మూడుసార్లు ఫోన్ చేశాను, మా వైపు అంతా బాగానే ఉంది అన్నారు. పోయిన నెల రిపీటర్ (వైఫైని అందుకుని ముందుకు పంపే పెట్టె) కొని నట్టింట్లో పెట్టాం, ఇంకా పాడైంది. మా ఆయన ఇప్పుడు కొత్త రౌటర్ కొందామంటున్నారు.

అమ్మకు 74 ఏళ్ళు. ఒడియా వింటే అర్థమవుతుంది గానీ చదవలేదు. మా వీధి కేబుల్ ప్యాకేజీలో తెలుగు చానెళ్ళు ఒక్కొక్కటే పోయాయి. రాత్రిపూట ఆవిడ చెవిన నాలుగు తెలుగు మాటలు పడాలంటే ఈ వైఫై ఒక్కటే దారి. అందుకే ఇంత పట్టుబట్టి అడుగుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

గుణుపురం_ప్యాసింజర్
కంపెనీ మార్చెయ్యండి. మాకూ ఇలాగే ఉండేది, మార్చాక పోయింది.

కేబుల్_తమ్ముడు
నేను బరంపురంలో ఫైబర్ జాయింట్లు వేసే పనిలో ఉన్నాను. గుణుపురం అన్న చెప్పింది కొన్ని చోట్ల నిజమే, కానీ ఇక్కడ తొందరపడొద్దు. వీధి గదిలో రాత్రి పూట 94 వస్తోందంటే లైను ఇంటి దాకా బాగానే వచ్చినట్టు. అయినా గోడకున్న ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని ఒక దీపం ఉంటుంది, అది ఎర్రగా వెలుగుతోందేమో చూడండి. లోపలి సెట్టింగుల్లో ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం కనిపిస్తుంది. -15 నుంచి -25 మధ్య ఉంటే నిశ్చింత. -27 దాటితే లైను తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఎక్కువసార్లు కారణం ఒకటే, బీరువా వెనక పసుపు తీగ మడత పడి ఉంటుంది. రాగి తీగలా దాన్ని మడవకూడదు.

మహేంద్రతనయ
ఎర్ర దీపం లేదు. -21 చూపిస్తోంది.

కేబుల్_తమ్ముడు
అయితే మా వాళ్ళ తప్పు కాదక్కా :) మిగతాది ఇంట్లోనే వెతకాలి.

బల్లార్షా_జంక్షన్
వైఫైకి ఉండే రెండు బ్యాండ్లలో 2.4 తీసేసి 5 గిగాహెర్ట్జ్ పెట్టండి. అంతే. మా క్వార్టర్లో అలాగే చేశాను, ఇప్పటిదాకా మళ్ళీ ఆగలేదు.

జైపూర్_మాస్టారు
బల్లార్షా వారి క్వార్టర్ రెండు గదులది అయ్యుంటుంది. ఈ ఇల్లు వేరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది దాదాపు 6. పొట్టి తరంగం గోడల్లో త్వరగా అరిగిపోతుంది. పర్లాకిమిడి పాత ఇళ్ళ గోడలు నేను చూశాను, మూరెడు మందం ఉంటాయి. వానాకాలంలో చెమ్మ పట్టాయంటే ఇంకా ఎక్కువ మింగేస్తాయి. అలాంటి గోడలు రెండు దాటి మూడో గదికి 5 వెళ్ళినా పీలగా వెళ్తుంది.

అమ్మా మహేంద్రతనయా, ఒక్క ప్రశ్న. మీ ఫోన్ 94 చూపించినప్పుడు 5 మీద ఉందా, 2.4 మీద ఉందా? టీవీ దేని మీద ఉంది?

మహేంద్రతనయ
ఇప్పుడే చూశాను మాస్టారూ. ఫోన్ 5 మీద ఉంది. టీవీ 2018లో కొన్నది, దానికి 2.4 ఒక్కటే కనిపిస్తోంది.

జైపూర్_మాస్టారు
చూశారా. రెండూ వేర్వేరు దారులు. ఖాళీగా ఉన్న దారిలో మీరు పరుగెత్తి చూసి, రద్దీ దారిలో పోయేవాడు ఎందుకు ఆలస్యమయ్యాడని అడుగుతున్నారు. ఇక నుంచి కొలిచేది టీవీ దగ్గరే కొలవండి. టీవీలోని బ్రౌజర్లో స్పీడ్ టెస్ట్ తెరుచుకుంటుంది.

మజ్జిగౌరమ్మ_వీధి
అసలు వీడియోకి 100 ఎందుకు? మా రాయగడలో 40 ప్లాన్ మీద ముగ్గురం చూస్తాం.

జైపూర్_మాస్టారు
నిజమే. యూట్యూబ్ సహాయ పేజీలో వాళ్ళే లెక్క ఇచ్చారు. బొమ్మ నాణ్యత 480పీకి 1.1 ఎంబీపీఎస్, 720పీకి 2.5, 1080పీకి 5, 4కేకి 20. కానీ ఆ 5 నిలకడగా రావాలి. ఒక సెకను 40 వచ్చి, తర్వాత నాలుగు సెకన్లు ఏమీ రాకపోతే సగటు 8 అని చూపిస్తుంది, బొమ్మ మాత్రం ఆగుతుంది.

వీడియో ఇంటికి ఒక్క ముద్దగా రాదు. కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనీ నాలుగైదు నాణ్యతల్లో సర్వర్లో ఉంచుతారు. యాపిల్ వాళ్ళ హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి 2009లో, డాష్ ప్రమాణం 2012లో వచ్చాయి, రెండూ చేసేది ఇదే. ముందు ముక్క ఎంత వేగంగా దిగిందో చూసుకుని తర్వాతి ముక్క ఏ నాణ్యతలో అడగాలో మీ టీవీయే నిర్ణయించుకుంటుంది. వచ్చినవి కొన్ని ముందుగా దాచుకుంటుంది. పెరట్లో నీళ్ళ తొట్టి లాంటిదే. కొళాయి కాసేపు ఆగినా తొట్టిలో నీళ్ళుంటే పని ఆగదు. తొట్టి తగ్గేకొద్దీ తక్కువ నాణ్యత అడుగుతుంది, అప్పుడు ముఖం గళ్ళు గళ్ళుగా కనిపిస్తుంది. తొట్టి అడుగంటితే చక్రం. మీ ఇంట్లో రెండూ వరసగా జరుగుతున్నాయి, అంటే కొళాయి పూర్తిగా కట్టలేదు, ఎవరో మధ్యలో పట్టుకుపోతున్నారు.

గుణుపురం_ప్యాసింజర్
మరి క్రికెట్ ఎందుకు ఎక్కువ ఆగుతుంది మాస్టారూ? సినిమా బాగానే వస్తుంది.

జైపూర్_మాస్టారు
ప్రత్యక్ష ప్రసారంలో తొట్టి చిన్నది. ఇంకా జరగని ఆటని ముందుగా దాచుకోలేరు కదా.

గుణుపురం_ప్యాసింజర్
అందుకే పక్కింటి వాళ్ళు డిష్‌లో వికెట్ పడిందని అరిచిన అరనిమిషానికి మా ఫోన్‌లో బౌలర్ పరుగు మొదలెడతాడు. పిల్లలు ఇప్పుడు ఆ ఇంటి గోడకి చెవి పెట్టి చూస్తున్నారు మ్యాచ్.

సిరివంచ_ప్రాణహిత
మధ్యలో అడ్డొస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది గడ్చిరోలి జిల్లా సిరివంచ. ఫైబర్ మా వైపు రాలేదు, సిమ్ వేసుకునే 4జీ రౌటరే గతి. నాలుగు గీతలు నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం పదేసి నిమిషాలకోసారి ఒక్కసారిగా కొయ్యబారిపోతుంది. ఫోన్‌లో ఒకోసారి తెలంగాణ నెట్‌వర్క్ పేరు, ఒకోసారి మహారాష్ట్ర పేరు వస్తుంది. మా పాప ఆన్‌లైన్‌లో తెలుగు నేర్చుకుంటోంది, ఇక్కడ బడిలో మరాఠీయే. టీచరు ఒత్తులు పలికిస్తుంటే సరిగ్గా అప్పుడే గొంతు తెగిపోతుంది. పాప ఏడుపు ముఖం చూడలేకపోతున్నాను.

శబరి_సీలేరు
అన్నా, మీ బాధ నాకు బాగా తెలుసు. మేం మల్కన్‌గిరి జిల్లా మోటులో ఉంటాం, శబరీ సీలేరూ కలిసే చోటు. అవతలి ఒడ్డుల మీద ఒక వైపు ఆంధ్ర, ఇంకో వైపు ఛత్తీస్‌గఢ్. నీళ్ళ మీద అడ్డేమీ ఉండదు కాబట్టి అవతలి టవర్ దూరంగా ఉన్నా గట్టిగా తగులుతుంది. ఫోన్ అటోసారి ఇటోసారి దూకుతుంటుంది. దూకిన ప్రతిసారీ వీడియోకి ఊపిరి ఆగుతుంది.

నేను చేసింది చెప్తాను. సెట్టింగుల్లో నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్ తీసేయండి. ఒకే కంపెనీ పేరు రెండుసార్లు కనిపిస్తుంది. సర్కిల్ (ఫోన్ కంపెనీల ప్రాంతం) మారితే వాటి కోడ్ వేరే ఉంటుంది. రెండిట్లో ఒకటి పెట్టి రెండు రోజులు, ఇంకోటి పెట్టి రెండు రోజులు చూడండి. రాత్రి పూట ఏది నిలకడగా ఉంటే దానికే కట్టేయండి.

గీతల్ని నమ్మొద్దు. సిగ్నల్ కొలిచే యాప్ ఏదైనా దింపుకుని రెండు అంకెలు చూడండి. ఆర్‌ఎస్‌ఆర్‌పీ అంటే బలం. -85 బాగుంది, -100 పరవాలేదు, -110 బలహీనం, -120 దగ్గర తెగిపోతుంది. ఎస్‌ఐఎన్‌ఆర్ అంటే గోలలో మన మాట ఎంత స్పష్టంగా వినిపిస్తోందో చెప్పేది. 20 అయితే పండగ, 0 దగ్గరికి వస్తే సరిగ్గా వినపడదు. రెండు టవర్ల మధ్య ఇరుక్కున్న ఇంట్లో బలం బాగుండి కూడా ఈ రెండో అంకె అడుగున ఉంటుంది. మా ఇంట్లో అదే జరిగింది.

ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మంచం పక్కన -112, 1. డాబా మీద పిట్టగోడ మూల -94, 14. పద్దెనిమిది డెసిబెళ్ళ తేడా అంటే దాదాపు 60 రెట్ల బలం. సిమ్ రౌటర్‌ని ఆ మూలన సన్‌షేడ్ కింద ఎండా వానా తగలకుండా పెట్టి, అక్కణ్ణించి ల్యాన్ కేబుల్ కిందికి దింపాను. కింద పాత వైఫై రౌటర్ పెట్టాను. అప్పటి నుంచి ఇంట్లో గొడవ లేదు.

సిరివంచ_ప్రాణహిత
డాబా లేదు తమ్ముడూ, పెంకుటిల్లు. రేపు నిచ్చెన వేసి చూస్తాను.

శబరి_సీలేరు
పెంకులైతే ఇంకా మంచిదన్నా. రేకు మాత్రం దగ్గర్లో ఉండకూడదు. రేకు వెనక్కి సిగ్నల్ రాదు.

మజ్జిగౌరమ్మ_వీధి
మాకు వాన పడితేనే ఆగుతుంది. గీతలు తగ్గవు, వీడియో మాత్రం రాదు. దీనికేమిటి కారణం?

జైపూర్_మాస్టారు
కొండల ఊళ్ళలో చాలా టవర్లకు ఇంకా ఫైబర్ లేదు. ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి గుండ్రటి డిష్‌లతో మైక్రోవేవ్ లింకు వేస్తారు. ఆ లింకులు 15, 18, 23 గిగాహెర్ట్జ్ లాంటి పైస్థాయిల్లో నడుస్తాయి. 10 దాటాక వానచినుకు సిగ్నల్‌ని బాగా పీల్చుకుంటుంది. మీ ఫోన్‌కీ టవర్‌కీ మధ్య నడిచేది 1, 2 గిగాహెర్ట్జ్‌ల మాట, దానికి వాన ఒక లెక్క కాదు. అందుకే గీతలు నిండుగా ఉంటాయి, టవర్ వెనకాల దారి మాత్రం మూసుకుపోయి ఉంటుంది. ఇంట్లో ఏం మార్చినా లాభం లేదు. వాన వెలిసేదాకా 360పీ పెట్టుకోండి, లేదా ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి.

కేబుల్_తమ్ముడు
2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో లైన్లు సరిచేయడానికి వెళ్ళాను. కొండ చరియలు దారి మీద పడి ఉన్నాయి. ఒక ఊళ్ళో ముసలాయన నా ఫోన్ తీసుకుని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు, గీత వస్తుందేమోనని. కొడుకు సూరత్ మిల్లులో ఉన్నాడట. ఈ పని అంటే నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

మహేంద్రతనయ
ఆ తుఫాను రాత్రి మా పెరట్లో కొబ్బరి చెట్టు కూలింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మాస్టారు చెప్పినట్టు టీవీ దగ్గర కొలిచాను. పొద్దున్న 22. రాత్రి 8కి 3, ఒకోసారి 1.5. చుట్టుపక్కల ఎన్ని వైఫైలు కనిపిస్తున్నాయో కూడా లెక్కపెట్టాను, 14!

బల్లార్షా_జంక్షన్
14 అంటే మరి రద్దీయే కదా. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా నడిచేవి మూడే చానెళ్ళు, 1, 6, 11. చానెల్ చూపించే యాప్‌లో ఏది తక్కువ రద్దీగా ఉందో చూసి దానికి మార్చండి. 3, 4, 9 లాంటివి పెట్టొద్దు, అటు వాళ్ళకీ ఇటు వాళ్ళకీ అడ్డం పడతారు. చానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి దించండి. తక్కువ వెడల్పు ఎందుకంటారేమో, ఇరుకు వీధిలో బండి సన్నగా ఉంటేనే ముందుకు పోతుంది.

మహేంద్రతనయ
నాలుగో చానెల్లో ఉంది, వెడల్పు 40! 11కి మార్చి 20 పెట్టాను. రాత్రి 3 ఉన్నది 5 అయింది. చక్రం తగ్గింది గానీ పోలేదు. ప్రవచనం మధ్యలో అమ్మ ఇంకా కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది, తప్పు కళ్ళదేమో అని.

గుణుపురం_ప్యాసింజర్
ఆ మాట చదివి మనసు చివుక్కుమంది అక్కా. మా నాన్నగారూ రేడియో గరగరలాడితే చెవి దులుపుకునేవారు.

బల్లార్షా_జంక్షన్
ఎవరైనా ఫొటోలు బ్యాకప్ చేస్తున్నారేమో చూడండి. పైకి ఎక్కించే దారి నిండిపోతే కిందికి వచ్చేదీ తడబడుతుంది. దాన్ని బఫర్‌బ్లోట్ అంటారు. రౌటర్లో ప్యాకెట్లు (డేటా ముక్కలు) బారులు తీరి నిలబడిపోతాయి. కోడెల్ అని 2012లో వ్యాన్ జాకబ్‌సన్, క్యాథ్లీన్ నికోల్స్ దీనికో ఉపాయం ప్రచురించారు. ఎస్‌క్యూఎం అనే సెట్టింగ్ ఉన్న రౌటర్లలో అలాంటిదే పనిచేస్తుంది. నాకు బ్యాకప్ నడిచేటప్పుడు పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయం) 20 మిల్లీసెకన్ల నుంచి 900కి పోయేది. లైను వేగంలో 90 శాతానికి కట్టడి చేశాక 30 దాటలేదు.

జైపూర్_మాస్టారు
మంచి మాట, కానీ లైను నిండిపోతే వీధి గదిలో ఫోన్ కూడా తడబడాలి. అక్కడ 94 వస్తోంది. జబ్బు 2.4 గాలిలోనే ఉంది.

శబరి_సీలేరు
పొద్దున్న బాగుంటుంది, చీకటి పడ్డాక పాడవుతుంది అంటున్నారు. పక్కిళ్ళ వాళ్ళు సాయంత్రం 5 కే వచ్చేస్తారు కదా, మరి 7 ఏమిటి? అక్కా, చీకటి పడ్డాక మీ ఇంట్లో ఏది మేలుకుంటుంది? 2.4 మీద ఉన్న వస్తువులన్నీ ఒక్కొక్కటే చెప్పండి.

మహేంద్రతనయ
టీవీ. మా అబ్బాయి పాత ఫోన్. పెరటి గుమ్మం మీద వైఫై కెమెరా, నిరుడు కొబ్బరికాయలు పోతున్నాయని పెట్టించాం. అంతే.

శబరి_సీలేరు
కెమెరా!! రిపీటర్ పెట్టాక అది దేనికి తగులుకుంది?

మహేంద్రతనయ
రిపీటర్‌కే. పెరటికి సిగ్నల్ అందడం లేదనే కదా ముఖ్యంగా కొన్నది.

శబరి_సీలేరు
ఈ రాత్రి 8కి కెమెరా ప్లగ్ పీకేసి టీవీ దగ్గర కొలవండి. వేరే ఏదీ ముట్టుకోవద్దు. ఒకేసారి రెండు మారిస్తే ఏది కారణమో తెలియదు.

మహేంద్రతనయ
చేశాను.

కెమెరా ఉన్నప్పుడు 5. పీకేశాక 19. మళ్ళీ పెట్టాను, 4. మళ్ళీ పీకాను, 20. చేతులు వణుకుతున్నాయి టైప్ చేస్తుంటే!

తర్వాత కెమెరా యాప్ తెరిచి రాత్రి రికార్డులు చూశాను. ఒక్క రాత్రిలో వందలకొద్దీ ముక్కలు. ఏమిటా అని చూస్తే అన్నీ పురుగులే. చీకటి పడగానే దాని కన్ను చుట్టూ ఉండే దీపాలు వెలుగుతాయి కదా, వాటికి పురుగులు మూగుతున్నాయి. మొన్న వాన పడ్డ రాత్రైతే తెర నిండా ఉసుళ్ళు. ఒక బల్లి తోక కన్ను మీద నుంచి పదిసార్లు పోయింది. పురుగు ఎగిరిన ప్రతిసారీ మనిషి కదిలాడనుకుని వీడియో పైకి పంపుతోంది.

మజ్జిగౌరమ్మ_వీధి
అయ్యో, ఉసుళ్ళు అమ్మగారి ప్రవచనం ఆపాయన్నమాట!

బల్లార్షా_జంక్షన్
ఒక చిన్న కెమెరా పంపేది 2 ఎంబీపీఎస్ ఉంటుందేమో. దానికి 15 ఎలా పోతుంది? నాకు అర్థం కాలేదు.

జైపూర్_మాస్టారు
ఎంత పంపింది అని కాదు, ఎంతసేపు మాట్లాడింది అని లెక్క. వైఫైలో ఒక చానెల్ మీద ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. దగ్గరున్న పరికరం గడగడా చెప్పేసి తప్పుకుంటుంది. దూరాన మూడు నాలుగు గోడల అవతల ఉన్నది పొరపాటు రాకుండా నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి చెబుతుంది. పాత వైఫై ప్రమాణంలో అట్టడుగు వేగం సెకనుకు 1 మెగాబిట్, తర్వాత వచ్చిన దానిలో 6.5. అలాంటి 6.5 మీద 2 మెగాబిట్లు పంపాలంటే, మధ్యలో పట్టే అదనపు సమయం కూడా కలిపితే ప్రతి సెకనులో సగం దాకా అదే మాట్లాడుతుంది. వినపడక మళ్ళీ మళ్ళీ చెప్పినవి ఇంకా పైన. మిగిలిన కాలాన్ని టీవీ, అబ్బాయి ఫోన్, చుట్టూ అదే చానెల్లో ఉన్న ఇళ్ళ వాళ్ళు పంచుకోవాలి.

రిపీటర్ దాన్ని రెండింతలు చేసింది. కెమెరా చెప్పిన మాట విని, అదే చానెల్లో మళ్ళీ రౌటర్‌కి చెప్పాలి. ఒకే మాట గాలిలో రెండుసార్లు.

బల్లార్షా_జంక్షన్
ఇప్పుడు అర్థమైంది. 5 పెట్టేయండి అని మొదట నేను రాసింది ఇక్కడ పనికొచ్చేది కాదు, టీవీకి 5 లేనే లేదు. ముందు అడిగి చెప్పాల్సింది.

కేబుల్_తమ్ముడు
అక్కా, ఇక పని సులువు. రౌటర్‌ని వీధి గది నుంచి నట్టింట్లోకి జరపమని మీ లైను అబ్బాయిని అడగండి, ఫైబర్ తీగ పొడవైనది వేస్తే సరిపోతుంది. అప్పుడు టీవీకి ఒక గోడే అడ్డం, పెరటికి మూడు. బీరువా పక్కన, ఇనప అల్మారా మీద పెట్టొద్దు. మనిషి తల కంటే ఎత్తులో ఉంచండి. టీవీ వెనక ల్యాన్ రంధ్రం ఉందా? ఉంటే తీగ లాగేయండి. క్యాట్ 6 రకం 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మీకు కావలసింది పది పన్నెండు. తీగ మీద నడిచేదానికి గాలిలో గొడవతో పనే లేదు. రిపీటర్ తీసి అటక మీద పడేయండి.

మజ్జిగౌరమ్మ_వీధి
తీగ లాగేస్తే ఇక వైఫై గురించి ఇంత మాట్లాడుకోవడం ఎందుకు?

కేబుల్_తమ్ముడు
కదలనివాటికి తీగ వేస్తే కదిలేవాటికి గాలి మిగులుతుందక్కా. వైఫై బాగుచేయడంలో సగం పని అదే.

మజ్జిగౌరమ్మ_వీధి
ఇంకొక్కటి అడుగుతాను. చవకగా వస్తోందని ఒక ఆండ్రాయిడ్ పెట్టె కొన్నాం. నెట్ 40 వస్తోంది, యూట్యూబ్ 1080 వస్తోంది. సినిమాల యాప్‌లలో మాత్రం 480 దాటదు. ఇదీ వైఫై తప్పేనా?

బల్లార్షా_జంక్షన్
ఇది నాకు తెలుసు, ముందు అడిగే చెప్తాను ఈసారి. డీఆర్‌ఎం ఇన్ఫో అనే యాప్ పెట్టి వైడ్‌వైన్ ఎల్1 అని ఉందా, ఎల్3 అని ఉందా చూడండి.

మజ్జిగౌరమ్మ_వీధి
ఎల్3.

బల్లార్షా_జంక్షన్
అయితే నెట్‌తో సంబంధం లేదు. వైడ్‌వైన్ అంటే వీడియోని కాపీ చేయకుండా కాపాడే తాళం, ఆ పెట్టెలో అది చిప్‌లో కాకుండా మామూలు సాఫ్ట్‌వేర్లో ఉంటుంది. అలాంటి వాటికి పెద్ద యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. రౌటర్ మార్చినా, ప్లాన్ పెంచినా 480యే. దుకాణదారు వెనక్కి తీసుకుంటాడేమో అడగండి. ఈసారి కొనేటప్పుడు ఎల్1 ఉందో లేదో, ఏవీ1, హెచ్265 అనే వీడియో కుదింపు పద్ధతుల్ని చిప్‌లోనే చదవగలదో లేదో రెండూ చూసుకోండి. అవి చదవగలిగితే అదే బొమ్మ తక్కువ డేటాలో వస్తుంది.

గుణుపురం_ప్యాసింజర్
ఫోన్ డేటా మీద చూసేవాళ్ళకి ఒక లెక్క. 5 ఎంబీపీఎస్ వీడియో గంట నడిస్తే 2.25 జీబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ 40 నిమిషాల్లో అయిపోతుంది. నౌపడా నుంచి గుణుపురం వచ్చే లోపు నాది రెండుసార్లు అయిపోయింది. రైల్లో 360 చాలు, చిన్న తెర మీద తేడా తెలియదు.

సిరివంచ_ప్రాణహిత
శబరి తమ్ముడికి చెప్పడానికి వచ్చాను. నిచ్చెన వేసి చూశాను. నది వైపు కాకుండా ఊరి వైపు వెన్నుగోడ మీద -97, 12 వచ్చింది. మహారాష్ట్ర వైపు టవర్‌కి కట్టేశాను. నిన్న పాప గంట క్లాసులో రెండుసార్లే ఆగింది. అంతకుముందు లెక్కే ఉండేది కాదు. 'క్ష' రాసి చూపించింది టీచరుకి. మీరు చెప్పినట్టు ల్యాన్ తీగ ఇంకా దింపలేదు, సంతకి వెళ్ళినప్పుడు తెస్తాను.

శబరి_సీలేరు
వీడియో కాల్‌కి తొట్టి దాదాపు ఉండదన్నా, అందుకే ఆ రెండుసార్లు కూడా తెలుస్తాయి. క్లాసు సమయానికి ఇంట్లో మిగతా ఫోన్లు రౌటర్ నుంచి తప్పించండి. తీగ కూడా దింపాక మళ్ళీ రాయండి, ఎదురు చూస్తాను.

మహేంద్రతనయ
ఆదివారం పని అయింది. రౌటర్ నట్టింట్లోకి వచ్చింది, దూలం పక్కన మేకు కొట్టి తగిలించారు. టీవీకి 12 మీటర్ల కేబుల్, కిటికీ పైన వెంటిలేటర్ లోంచి లాగారు. గోడ కన్నం పెట్టాల్సిన పని లేకపోయింది. కెమెరాని మెమరీ కార్డులో రికార్డు చేసుకునేట్టు మార్చాం, మనిషి ఆకారం కనిపిస్తేనే పైకి పంపుతుంది. దాని దీపాలు ఆపేసి, పురుగులు దాని మీద మూగకుండా దూరంగా పంపు దగ్గర ఒక చిన్న బల్బు పెట్టాం.

నిన్న రాత్రి 7:30కి అమ్మ ప్రవచనం పెట్టుకుంది. నేను వంటింట్లో చారు పెడుతూ చెవి అటే పెట్టాను. గజేంద్రమోక్షం చెబుతున్నారు. పద్యం మొదలై ఆఖరి పాదం దాకా ఆగలేదు. గంటన్నర. ఒక్కసారి కూడా చక్రం రాలేదు. వెళ్ళి చూస్తే అమ్మ కళ్ళజోడు పెట్టుకునే కూర్చుంది, పద్యంతో పాటు పెదవులు కదుపుతోంది.

శబరి తమ్ముడూ, మాస్టారూ, కేబుల్ తమ్ముడూ, అందరికీ చేతులెత్తి దణ్ణం. మీలో ఎవరు పర్లాకిమిడి వచ్చినా మా ఇంట్లో భోజనం చేసే వెళ్ళాలి.

కేబుల్_తమ్ముడు
వచ్చే నెల కాశీనగర్ లైను పని ఉందక్కా. వస్తాను.

గుణుపురం_ప్యాసింజర్
రిపీటర్ అమ్మేస్తారా? మాది రెండు గదుల ఇల్లే, కెమెరా లేదు.

జైపూర్_మాస్టారు
ముందు మీ టీవీ దగ్గర కొలిచి ఇక్కడ రాయండి నాయనా. తర్వాత కొందురు గాని.